సగం పని, సగం కాపురం

"బీరువాలో లేదు. పెట్టెల లేదు. పరుపు కింద లేదు. ఇగ నువ్వే చెప్పు, నా పాస్‌పోర్టు ఏడికి పోయింది?"

సాయిలత గొంతు పెంచలేదు. అందుకే కృష్ణమోహన్ తల ఎత్తలేదు. పళ్ళెంలో జొన్నరొట్టె తుంచుతూ, "నువ్వు పెట్టిన కాడనే ఉంటది," అన్నాడు.

"పెట్టిన కాడ లేదంటున్న గద."

గది నిండా బట్టలు. బీరువా అరలన్నీ ఖాళీ చేసి మంచం మీద కుప్ప పోసింది. పొద్దున్నుంచి వంగి లేచి ఆపరేషనైన మోకాలు సలుపుతోంది. ఆ మోకాలి కోసమే బతుకమ్మ పండుగకు ముందు ఒమన్‌లోని సలాలా నుంచి కామారెడ్డికి వచ్చింది. ఆపరేషను, తర్వాత కట్టు, తర్వాత నడక నేర్చుకోవడం. చూస్తూ ఉండగానే ఉగాది దగ్గరికొచ్చింది.

"శుక్రవారం నా ఫ్లైటు," అంది. "ఉగాది దాటితే ఆరు నెలలైతది. ఆరు నెలలు బయట ఉంటే ఆడోళ్ళు వీసా కొట్టేస్తరు. ఒక్కపారి పోయిందంటే, ఈ వయసుల నాకు మల్ల ఎవ్వలియ్యరు."

"పోతే పోనియ్."

తలుపు దగ్గర జడ వేసుకుంటున్న ప్రణీత చేతులు ఆగిపోయాయి. రక్తపరీక్షల సెంటర్లో పని ఆ అమ్మాయికి. ఇప్పటికే ఆలస్యమైంది. అయినా కదలలేదు.

"ఏమన్నవ్?" అంది సాయిలత.

"పోతే పోనియ్ అన్న. మోకాలు కోసిచ్చుకున్నవ్. ఇంకెన్నేండ్లు తొక్కుతవ్ ఆ కుట్టుమిషిను?"

"తొక్కుడు తగ్గిస్తున్ననని వచ్చిన కాన్నుంచి మొత్తుకుంటున్న. వారంల మూడు దినాలే పని. దుకాణంల కటింగు నర్సవ్వ చూసుకుంటది. తక్కిన దినాలు నా ఇష్టం. పూర్తిగ బంద్ చెయ్య, పూర్తిగ చెయ్య. సగం సగం."

"సగం పని చేసి సగం కూసునుటానికి సముద్రం దాటి పోవాల్నా? ఆ కూసునేదేదో ఈడ కూసో. ఈడ కుర్చీలు లేవా?"

సాయిలత దగ్గర జవాబుంది. కానీ ఆ జవాబు ఈ ఇంట్లో, ఈ మనిషి ముందు ఏ మాటలతో చెప్పాలో ఆమెకు తెలియదు. ఆ తడబాటు కృష్ణమోహన్‌కు వినపడింది. పళ్ళెం పక్కకు జరిపాడు.

"ఒక్క మాట అడుగుత. కోపానికి రావద్దు. ఆడ ఎవరున్నరు?"

వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. ఎవరూ లేవలేదు.

"ఈ మాట అడుగనీకి నీకు పద్దెనిమిదేండ్లు పట్టిందా?" అంది సాయిలత.

"బాపూ!" అంది ప్రణీత. తర్వాత తల్లి వైపు తిరిగి, మెల్లగా, "నాకూ తెలుసుకోవాల్ననే ఉందమ్మా," అంది.

భర్త అడిగినప్పుడు నిలబడే ఉన్న సాయిలత, కూతురు ఆ మాటనగానే మంచం అంచున కూర్చుంది. తాను వెళ్ళేనాటికి ఈ పిల్లకు ఎనిమిదేళ్ళు. ఎయిర్‌పోర్టు దాకా వచ్చి, ఏడవకుండా, తనకు బొమ్మ వద్దని చెప్పిన పిల్ల.

"ఆడ నర్సవ్వ ఉన్నది. జుక్కల్ నర్సవ్వ, మీకు ఫోన్ల సుత మాట్లాడింది. సరిహద్దు మనిషి గద, కన్నడంల తిడ్తది, మరాఠీల పాడ్తది. మిషిన్లున్నయ్. గల్లీల కొబ్బరి చెట్లున్నయ్. ఈడ ఎండలు కొట్టినంక, ఆడ నెలల తరబడి తుంపర పడ్తది. అంతే."

"అంతేనా?" అన్నాడు కృష్ణమోహన్.

"అంతే."

తండ్రీ కూతుళ్ళిద్దరిలో ఎవరూ నమ్మినట్టు కనపడలేదు.

కృష్ణమోహన్ చెంబు కోసం చెయ్యి చాపాడు. అది చేతికి తగిలి నేల మీద పడి దొర్లింది. నీళ్ళు బట్టల కుప్ప దాకా వచ్చాయి. అతను వాటిని చూడకుండానే అన్నాడు:

"పాస్‌పోర్టు అజయ్ తాన ఉన్నది."

"మీ తమ్మునికెందుకు నా పాస్‌పోర్టు?"

"ఎల్లారెడ్డి ప్లాటు ఎవలో అడుగుతున్నరట. ఆడిటర్ సార్ నీ పాస్‌పోర్టు మీది ముద్రలు చూడాల్నన్నడట. అడిగిండు, ఇచ్చిన."

"ప్లాటు నా పేరు మీద ఉన్నది. పాస్‌పోర్టు నాది. నాతోని ఒక్క మాట లేదు!"

"చెప్తే నువ్వొప్పుకోవని..."

"ఎవలన్నరు ఒప్పుకోనని? నువ్వా, అజయా?"

సాయిలత తడిసిన బట్టల్లోంచి ఒక చీర తీసి దులిపింది.

*

ఆడిటర్ అరుణ్‌కుమార్ ఆఫీసు నిజాంసాగర్ చౌరస్తా దగ్గర, మందుల దుకాణం పైన. సాయిలత ఒక్కో మెట్టూ కమ్మీ పట్టుకుని ఎక్కింది. ఆమెను చూసి అతను కుర్చీలోంచి లేచాడు.

"రాండ్రి మేడమ్, రాండ్రి. మీరే ఎక్కిన్రా? ఫోన్ చేస్తే నేనే వస్తుంటి గద. ఇంతకూ మంచి పని చేసిన్రు. ఎన్నేండ్లుంటరు గా దేశంల? పర్మనెంటుగ వచ్చేసిన్రంటే మాకూ సంతోషమే."

సాయిలత నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుంది. బట్ట కత్తిరించేముందు కొలత రెండుసార్లు చూసుకునే అలవాటు ఆమెది.

"ఎవలు చెప్పిన్రు సార్?"

"మీ మరిది అజయ్ చెప్పిండు. మీ సార్ సుత పక్కనే కూసున్నడు."

"ఏమన్లేదా ఆయన?"

"ఏమన్లే. నిమ్మలంగ కూసున్నడు." అరుణ్‌కుమార్ ముఖంలో మొదటిసారి అనుమానం కదిలింది. "ఏం మేడమ్, వచ్చేయలేదా?"

"వచ్చేస్తే ఏమైతది, రాకుంటే ఏమైతది? నాకు తెలిసేటట్టు చెప్పండి సార్."

చెప్పడమంటే అరుణ్‌కుమార్‌కు ఇష్టం. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఒక ఏడాది. అందుల సగం కంటే ఎక్కువ ఈడ ఉన్నరనుకోండి, సర్కారు దృష్టిల మీరు ఈడోళ్ళు. ఆడి దుకాణంల వచ్చింది సుత ఈడ చూపెట్టాల్సి వస్తది. మొత్తానికే వచ్చేస్తే, మీ ఎన్నారై ఖాతా మామూలు ఖాతా అయితది. ఆ డిపాజిట్ల మిత్తి మీద ఇప్పుడు లేని ట్యాక్సు అప్పుడు పడ్తది."

"ఉగాది లోపట పోతే?"

"సగం దాటదు. మీరు బయటోళ్ళే. ఏ లొల్లీ లేదు."

"మరి ప్లాటు అమ్మితే?"

"ఆడనే ఉన్నది అసలు కథ. బయట ఉన్నోళ్ళ జాగ కొంటే, కొనేటాయన ముందుగాలనే ట్యాక్సు పట్టుకొని సర్కారుకు కట్టాలె. కాయితాలు, తిరుగుడు. అది వినంగనే సగం మంది ఎనకకు జరుగుతరు. అమ్మేటోళ్ళు ఈడోళ్ళే అయితే గంత తిప్పలుండదు. అందుకే మీ మరిది అడిగిండు, వదిన వచ్చేసింది గద, ఈడోళ్ళ కిందనే చూపెడ్దామని."

"మీరేమన్నరు?"

"నోటిమాటకు కాదు, పాస్‌పోర్టు పట్టుకరమ్మన్న. ఏ దినం వచ్చిన్రు, ఏ దినం పోయిన్రు అన్నది దాని మీద ఉంటది. అంతే, ఆయన మల్ల రాలె."

"పాస్‌పోర్టు మీకు చూపెట్టలేదా?"

"నేను చూడనే లేదు మేడమ్."

కింద చౌరస్తాలో ఎవరో హారన్ వదలకుండా కొడుతున్నారు.

"ఆడనే ఉండుకుంట, ఈడికి వచ్చేసినమని రాస్తే?" అంది సాయిలత.

"అది అబద్ధం. రేపు నోటీసు వస్తే మొట్టమొదట మీ పేరు మీదనే వస్తది." అతను గొంతు తగ్గించాడు. "ఇంకొకటి. ప్లాటు కొన్న ఏడాది మీ సార్‌కు జీపీఏ రాసిచ్చిన్రు, యాదికున్నదా? మీ బదులు ఆయన సంతకం పెట్టొచ్చు. అది ఇంకా నడుస్తనే ఉన్నది. వద్దనుకుంటే చెప్పండి, రద్దు చేపిద్దాం."

"ఆలోచన చేస్త సార్. శుక్రవారం పోతున్న. ఇగ ఆడ సగం పనే చేస్త," అంటూ లేచింది. భర్త మీద అనుమానంతో ఒక పరాయి మనిషి ముందు అవునని తలూపడానికి ఆమెకు మనసొప్పలేదు.

తలుపు దాకా వచ్చాక అరుణ్‌కుమార్ ఆగి, "తప్పుగ అనుకోవద్దు మేడమ్," అన్నాడు. "ఆడ సగం రిటైర్ అయితనంటున్నరు. మంచిదే. కానీ వీసా పని మీద నడుస్తది. పని తగ్గిస్తే, రేపు వీసా ఇచ్చేటాయన మనసు మారితే? ఈడ తీసుకున్న దవాఖాన పాలసీ చాలామట్టుకు ఆడ పనికి రాదు. ఒక్కరే ఉంటరు. ఏమన్న అయితే తీస్కరానీకి ఎవలో ఒకరుండాలె. అన్నీ ముందుగాలనే అనుకోవాలె."

అన్నీ అనుకుంది సాయిలత. వీసా గురించి నర్సవ్వతో మాట్లాడింది. అక్కడి పాలసీ గురించి ముగ్గురిని అడిగింది. ఆ చివరి దాని గురించి మాత్రం ఎవరినీ అడగలేదు.

*

అటునుంచటే ఎక్కిన ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. లింగంపేటలో బస్సాగితే, ఒక అరుగు మీద ముగ్గురు ఆడవాళ్ళు ఒడిలో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతూ కనిపించారు. పెళ్ళికి ముందు సాయిలత కూర్చున్నదీ అలాంటి అరుగు మీదే. వాళ్ళలో ఒకామె తల ఎత్తి బస్సు వైపు చూసింది. సాయిలత చూపు తిప్పుకుంది.

దారి పొడుగునా మరిదితో ఆడాల్సిన జగడం మనసులో కూడబలుక్కుంది. మొదట ఏమనాలి, వాడు ఏమంటాడు, దానికి తానేమనాలి. ఎల్లారెడ్డిలో దిగేసరికి మాటలన్నీ వరసగా ఉన్నాయి.

ఒక్కటీ పనికిరాలేదు.

"అయ్యో వదినా, నువ్వెందుకొచ్చినవ్ ఈ మోకాలుతోని? నేనే తెచ్చిస్తుంటి గద!" అంటూ అజయ్ లోపలికి వెళ్ళి పాస్‌పోర్టు తెచ్చి చేతిలో పెట్టాడు. అతను ప్లాట్లు చూపించి అమ్మించే మనిషి. ఇస్త్రీ చొక్కా, నిండా నవ్వు. భార్య వినీత నీళ్ళు తెచ్చిచ్చి, "కూసో అక్కా, బువ్వ తిని పోదువు," అంది.

ఇంత తేలిగ్గా ఇచ్చాడేమిటి అనిపించింది సాయిలతకు. పాస్‌పోర్టు సంచిలో పెట్టుకుంది, కానీ కూర్చోలేదు.

"అరుణ్‌కుమార్ సార్‌కు ఇది చూపెట్టనే లేదట."

"టైం దొరకలె వదినా."

"నేను మొత్తానికే వచ్చేసిన్నని ఎట్ల చెప్పినవ్?"

"వస్తవ్ అనుకున్న. అందరం గదే అనుకుంటున్నం."

"నేను లేనా అడుగనీకి? ప్లాటు అమ్ముమని నేనన్ననా? ఎందుకమ్మాలె?"

అజయ్ నవ్వు ఆగింది. భార్య వైపు చూశాడు. ఆమె గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. అతను దగ్గరికి జరిగి, చాలా మెల్లగా అన్నాడు:

"అన్న చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. ఇగ దాచి లాభం లేదు. అన్నకు కండ్లు పోతున్నయ్ వదినా."

సాయిలత గోడకు చెయ్యి ఆనించింది.

"మోటరు వైండింగు చేస్తలేడు. రాగితీగ కనబడ్తలేదట. దుకాణానికి పోతడు, వస్తడు. గంతే. హైదరాబాద్‌ల పెద్ద దవాఖానకు తీస్కపోవాలె. ఆ తర్వాత జీవితాంతం చూసుకోవాలె. ప్లాటు తప్ప ఏమున్నది మీకు? నువ్వేమో పోత పోత అంటున్నవ్."

నమ్మకూడదనుకుంది, చెప్పింది అజయ్ కాబట్టి. కానీ ఈ ఆరు నెలల సంగతులు ఒక్కొక్కటీ వద్దన్నా గుర్తుకొచ్చాయి. టీవీ ముందు కూర్చుని తెర వైపు చూడకుండా వినడం. దవాఖాన మెట్ల దగ్గర తనను ముందు నడవనిచ్చి, తన వెనకాలే రావడం. తన మందుల చీటీ చేతికిస్తే, "ప్రణీతనడుగు," అని తిప్పి ఇవ్వడం. అదంతా తన మీద కోపమనుకుంది. ఇంటి మనిషి మీద లేనిపోనిదంతా అనుమానించి, ఉన్నదొక్కటి గమనించలేదు.

"ప్లాటు అమ్మొద్దు," అంది చివరికి. "కండ్ల సంగతి నేను చూసుకుంట. నేను చెప్పిందాక ఏ కాయితం నడువొద్దు. విన్నవా?"

"నువ్వెట్లంటే గట్లనే వదినా."

అది కూడా తేలిగ్గానే ఒప్పుకున్నాడు.

*

ఆ రోజు ఇంట్లో ఆమె ఏమీ అడగలేదు. కృష్ణమోహన్ కూడా పాస్‌పోర్టు దొరికిందా అని అడగలేదు. ప్రణీత ఇద్దరికీ వడ్డించి, ఇద్దరి మొహాలూ చూసి, తన గదిలోకి పోయింది.

మర్నాడు అతను దుకాణానికి వెళ్ళాక, కాస్త ఆగి సాయిలత ఆటో ఎక్కింది.

సిరిసిల్ల రోడ్డులో దుకాణం షట్టర్ సగానికి దించి ఉంది. వంగి లోపలికి చూసింది. దీపం వెయ్యలేదు. ఎదురుగా విప్పిన బోరు మోటరు. కృష్ణమోహన్ కింద కూర్చుని, రాగితీగ చుట్టను వేళ్ళతో తడుముతున్నాడు. చుట్టు మీద చుట్టు, గోటితో విడదీస్తూ. ఒకప్పుడు పంటకాలంలో రైతులు ఈ చేతుల కోసం బయట వరస కట్టేవాళ్ళు.

ఆమె షట్టర్ కిందుగా దూరి లోపలికొచ్చి నిలబడింది. అతను తల ఎత్తాడు. సరిగ్గా ఆమె వైపే చూశాడు.

"ఎవలు? పని తీసుకుంటలేనయ్యా. వేరే కాడికి తీస్కపో."

సాయిలత ఒక అడుగు ముందుకేసింది.

"ఎవలని అడుగుతున్న గద."

"నేను."

అతని చేతులు తీగ మీద ఆగిపోయాయి. తర్వాత తీగను వదిలి, లుంగీకి తుడుచుకున్నాడు.

"అజయ్ చెప్పిండా?" అని అడగలేదు. "ఎన్ని దినాల నుంచి తెల్సు?" అన్నాడు.

"నిన్నటి నుంచి. డాక్టరేమన్నడు?"

"కంటి నరం ఎండుతున్నదట. పోయింది రాదన్నడు. ఉన్నది కాపాడుకోవాల్నన్నడు. సుక్కల మందు ఇచ్చిండు. మనిషి ఉన్నట్టు తెలుస్తది, మొకం తెల్వది. ఎండల నుంచి నీడకొస్తే అదీ తెల్వది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఉంటవ్."

"ఉండాల్ననే గద నీకు!"

"ఉండాల్నని నీకుండాలె. గుడ్డోన్ని ఇడిసిపెట్టి పోతే నలుగురేమంటరోనని కాదు."

ఆమె ఒక పాత పెట్టె లాక్కుని, మోకాలు చాపుకుని అతని ఎదుట కూర్చుంది. "గట్లయితే పాస్‌పోర్టు ఎందుకిచ్చినవ్?"

"అడిగిండు, ఇచ్చిన. అప్పుడేమనుకోలె. ఇచ్చినంక వాపస్ అడుగలె. అడుగకుంటే ఉగాది దాటుతదని తెల్సు. దాటితే నువ్వు పోలేవని తెల్సు. నేను దొంగతనం చెయ్యలె సాయిలతా. దొంగతనం అయితుంటే ఊకున్న."

రోడ్డు మీద ట్రాక్టర్ పోయింది. గోడకున్న తీగ చుట్టలు సన్నగా వణికాయి.

"కానీ నిన్న నువ్వు ఎల్లారెడ్డికి పోయినంక ఒకటి తెలిసింది," అన్నాడు. "వీసా పోయి నువ్వీడ ఉన్నా, నా కోసం ఉన్నవో, తోవ లేక ఉన్నవో నాకు ఎన్నటికీ తెల్వది. నువ్వు బువ్వ పెట్టినప్పుడల్లా గదే అనుకుంట. నువ్వు పో. తోవ ఉంచుకో."

నిన్న సాయిలత చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు మెల్లగా వచ్చింది.

"ఆడ ఎవరున్నరని అడిగినవ్ గద. ఆడ నేనున్న. ఈడ నేను ఒకరికి పెండ్లాన్ని, ఒకరికి తల్లిని, ఒకరికి వదినెను, అందరికీ దుబాయామెను. సలాలా అన్నా ఎవ్వలకు తెల్వది. ఆడ పని అయినంక తలుపేసుకొని, చాయ్ పెట్టుకొని, వాన చూసుకుంట కూసుంట. ఏందని ఎవ్వలడుగరు. పద్దెనిమిదేండ్లల నేను సంపాదించుకున్నది గదే. దాని మీద నీకు అనుమానమైతే నేనేం చెయ్యాలె?"

కృష్ణమోహన్ తల వంచుకున్నాడు. "ఒక మనిషి ఉన్నా బాగుండు," అన్నాడు. "కోపానికన్న రావొస్తుండె."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళు తుడుచుకుంది.

"నువ్వే రా నాతోని."

"నన్ను తీస్కపోవాల్నంటే సగం పనితోని అయితదా?"

కాదు. సగం సంపాదనకు భర్తకు వీసా రాదు. వస్తే గిస్తే, వారమంతా మునుపటిలా మిషన్ మీద కూర్చోవాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు. అతనికీ ఎలాగో తెలుసు. ఎవరిని అడిగాడో.

"అయితదో కాదో నేను చూస్త," అంది. "ఒక్కటి చెప్పు. మొత్తానికే వచ్చేసిన్నని ఆడిటర్ సార్‌తోని నువ్వన్నవా?"

"అజయ్ అన్నడు. నేను ఊకున్న."

"వానికి నీ కండ్ల సంగతి ఎప్పుడు చెప్పినవ్?"

"నేనెందుకు చెప్త? ప్రణీతకే తెల్వనియ్యలె."

"చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నవట గద?"

"నేనా? ఎవలన్నరు?"

"అజయే," అంది సాయిలత. కృష్ణమోహన్ నుదురు ముడిపడింది. ఏదో వెతుక్కుంటున్నట్టు అతని వేళ్ళు మళ్ళీ తీగ మీదికి పోయాయి.

"మొన్న ఈడికే వచ్చిండు," అన్నాడు. "ఆడిటర్ సార్ కాయితాలన్నడు. సదువుకోని సంతకం పెట్టన్నా అన్నడు. నేను సదివినట్టు చేసిన. పేజీ తిప్పిన, తలూపిన. వాడు నవ్విండు. అన్నా, తలకిందులుగ పట్టుకున్నవన్నడు."

"తర్వాత?"

"తిప్పి ఇచ్చిండు. నా వేలు పట్టి, ఈడ పెట్టు, ఈడ పెట్టు అని జాగ చూపెట్టిండు. పెట్టిన. తమ్ముడని పెట్టిన."

"ఏం రాసున్నదందుల?"

అందులో ఏముందో అతనికి తెలియదు. తన బదులు అతను సంతకం పెట్టొచ్చన్న జీపీఏ సంగతి సాయిలతకు గుర్తొచ్చింది.

సాయిలత ఫోన్ తీసి అజయ్‌కు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఈసారి మధ్యలోనే కట్ అయ్యింది. వినీతకు చేసింది. ఒక్క రింగుకే ఎత్తింది.

"అక్కా! యాడిదాక వచ్చిన్రు?"

"యాడికి?"

"ఎల్లారెడ్డి రిజిస్ట్రీ ఆఫీసుకు. ఆయన పొద్దుగాలనే పోయిండు, కొనేటోళ్ళు సుత వచ్చిన్రట. నువ్వు, బావ ఇద్దరు కామారెడ్డి నుంచి సీదా ఆడికే వస్తరని చెప్పిండు గదక్కా. ఇంక బయలెల్లలేదా?"

సాయిలత ఫోన్ దించింది. కృష్ణమోహన్ అప్పటికే గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. అన్నీ విన్నాడు.

"చెప్పులేసుకో," అంది. "ఆటో మాట్లాడుకుందాం. నేను ఒప్పుకోనని నేను చెప్త. నీ సంతకం సంగతి నువ్వే చెప్పాలె."

"ఏమని చెప్పాలె?"

"నాకు కనబడలె, సదువకుండనే పెట్టిన అని."

షట్టర్ పైకెత్తింది. ఎండ ఒక్కసారిగా లోపలికొచ్చింది. కృష్ణమోహన్ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రోడ్డుకు అవతల టీ కొట్టు దగ్గర నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అందరూ అతని చేతుల్లో మోటర్లు బాగు చేయించుకున్నవాళ్ళే.

"అందరి ముందటనా?" అన్నాడు.

"అందరి ముందటనే."

సాయిలత రోడ్డు మీదికి దిగి చెయ్యి చాపింది. కృష్ణమోహన్ గడప దగ్గరే ఆగాడు. ఆమె చెయ్యి అతనికి కనపడలేదో, కనపడినా అందుకోలేదో, బయట నిలబడ్డ సాయిలతకు తెలియలేదు.